పని నేర్పిన అక్కల మీదే సూపర్‌వైజరునయ్యాను, ఎలా నెగ్గుకు రావాలి?

ప్రశ్న (విజయవాడ, సూర్యారావుపేట):

అందరికీ నమస్కారం. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్లు హౌస్‌కీపింగ్ పని చేసిన నన్ను, కాంట్రాక్టరు గత నెల నుంచి రాత్రి షిఫ్టుకు సూపర్‌వైజరుగా పెట్టారు. నా కింద ఉన్న పదకొండు మందిలో ఎక్కువ మంది నాకంటే పెద్దవారు. వారిలో ఒక అక్క, మరుగుదొడ్లు తెల్లగా రావాలని యాసిడ్ పోసిన చోటే బ్లీచింగ్ పౌడరు చల్లుతున్నారు. వద్దంటే, "నీకు మాపు పట్టడం నేర్పిందే నేను కదరా" అని నవ్వేస్తున్నారు. మొన్న ఆ ఘాటుకు తలుపు దగ్గర నిలబడిన నాకే చాలాసేపు దగ్గు ఆగలేదు. ఫిర్యాదు రాసి ఇమ్మని మేనేజరుగారు అంటున్నారు. రాస్తే ఆమె ఉద్యోగం పోతుందేమో, రాయకపోతే రేపు జరగరానిది జరిగినప్పుడు జవాబు చెప్పవలసింది నేనే.

జవాబు (గుంటూరు, కొత్తపేట):

తమ్ముడూ, ఆ ఘాటు శుభ్రతకు గుర్తు కాదు, క్లోరిన్ వాయువు. కిటికీ లేని గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ప్రాణం మీదికి కూడా తెస్తుంది. అయితే అక్క యాసిడ్ ఎందుకు పోస్తున్నారో ముందు అడగండి. మా దగ్గర బోరు నీటి ఉప్పు పేరుకుని పింగాణీ పసుపెక్కేది, ఆ మరక బ్లీచింగ్‌కు పోదు. యాసిడ్ ఉప్పును కరిగిస్తుంది, బ్లీచింగ్ క్రిములను చంపుతుంది. రెండూ వేర్వేరు పనులని చెప్పడానికి నాకు ఆరు నెలలు పట్టింది, అది కూడా మాటలతో కాదు, స్టోరు తాళంచెవి నా దగ్గర పెట్టుకుని. యాసిడ్ వారానికి ఒకసారి పగటి షిఫ్టులో మాత్రమే ఇచ్చి, నీళ్లతో పూర్తిగా కడిగించాకే మిగతా పని చేయించేదాన్ని. మంచినీళ్ల సీసాలో యాసిడ్ లాంటి శుభ్రం చేసే మందు పోసి పెట్టే అలవాటు ఉంటే, దాన్ని ఈ రోజే మాన్పించండి.

మరో జవాబు (విజయవాడ, పటమట):

తాళంచెవి సంగతి బాగుంది కానీ, కాగితం లేకుండా నడపమనడం నాకు నచ్చలేదు. ఫిర్యాదుకు బదులు, ఈ రెండూ కలపరాదని పదకొండు మందికీ వివరించినట్లు రిజిస్టరులో రాసి అందరి సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. అప్పుడు అది ఒక్క మనిషి మీద నేరం మోపినట్లు కాదు. ఆ చేత్తోనే అందరి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) నంబర్లూ సరిచూడండి. నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారికి అది వర్తిస్తుంది, ఉద్యోగి వాటా 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం. వాటా కోసి నంబరు ఇవ్వని కాంట్రాక్టర్లను నేను చూశాను.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. రిజిస్టరులో అందరూ సంతకాలు పెట్టారు, ఇద్దరికి ఈఎస్‌ఐ నంబరే లేదని తేలింది, కాంట్రాక్టరును అడిగాను. నిన్న రాత్రి అక్క తాళంచెవి అడిగితే ఇవ్వలేదు. విసుక్కుంటూనే బ్రష్షు తీసుకుని రుద్దారు. తెల్లవారుజామున అందరికీ టీ పోసి, నాకు మాత్రం పోయలేదు.