గాలిదుమారానికి రేకులు లేచిపోయినయ్: ఎస్టిమేటు అసలుది ఇయ్యాల్నా, పెంచి ఇయ్యాల్నా?

పానగల్ రోడ్డు (నల్లగొండ)
మొన్నటి గాలిదుమారానికి మా పై గది రేకులు 14 లేచి పక్కోళ్ల చెల్కల వడ్డయ్. టీవీ, ఇన్వర్టరు తడిసినయ్. బ్యాంకోళ్లు లోనుతో పాటు అంటగట్టిన ఇంటి బీమా ఉంది, భారత్ గృహ రక్ష అని రాసుంది. మా బావమరిది తాపీ మేస్త్రి. నోటితోని 92 వేలు అయితది అన్నడు, కాగితం మీద లక్షా 60 రాసిచ్చిండు. రేకులు సుత 22 అని రాసిండు. "వాళ్లెట్లాగూ సగం కోస్తరు బావా" అంటడు. ఎల్లుండి బీమా కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయరు వస్తడట. క్లెయిము చేసినోళ్లు జర చెప్పుండ్రి. టీవీకి బిల్లు లేదు, ఎట్ల? పైసలు నా ఖాతల పడ్తయా, బ్యాంకు లోను ఖాతలనా?

మిల్లు రోడ్డు (మిర్యాలగూడ)
పెంచే రాయి అన్నా. రెండేళ్ల కింద నేను నిజాయితీగ 48 వేలు రాస్తే 31 చేతుల వెట్టిండ్రు. మా ఎదురింటాయన 90 రాసి 55 తీస్కున్నడు. ఇద్దరిదీ ఒక్కటే గాలి, ఒక్కటే వాన, ఒక్క కొలత ప్రహరీ గోడ. ఆయన ఇప్పుడు గోడకు టైల్స్ సుత వేయించిండు. పొద్దున లేస్తే ఆ టైల్సే కనవడ్తయ్ నాకు.

రిటైర్డ్ పంతులు (దేవరకొండ)
14 రేకులు 22 అయ్యాయంటే ఆ ఎనిమిది ఎక్కడ మొలిచాయి నాయనా? బీమా అన్నది జరిగిన నష్టం పూడ్చడానికే, లాభానికి కాదు. దొంగ లెక్క దొరికితే ఆ ఎనిమిదే కాదు, నిజంగా పోయిన పద్నాలుగూ పోతాయి. మోసం తేలితే మొత్తం క్లెయిమే కొట్టేయొచ్చని పాలసీలోనే ఉంటుంది. చదవరు. పైగా 420 కేసు.

లా కాలేజీ బ్యాక్‌బెంచ్
సార్, 420 పాతది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 318(4).

రిటైర్డ్ పంతులు (దేవరకొండ)
నంబరు మారింది, బుద్ధి మారలేదు.

కళ్లద్దాల సర్వేయరు (మహబూబ్‌నగర్)
నేను లైసెన్సు ఉన్న సర్వేయరును, 19 ఏళ్ల సర్వీసు. సగం కోస్తామన్నది ఊరి మాట. లేనిదే కోస్తాం. 2024 ఆగస్టు 31 రాత్రి వానకు కోదాడ మునిగినప్పుడు నేనూ వెళ్లాను. ఒకింట్లో గోడ మీద నీటి చార టేపు పెట్టి కొలిస్తే రెండున్నర అడుగులు. ఆ ఇంటాయన ఏడడుగుల ఎత్తున బిగించిన ఏసీ నీళ్లల్లో మునిగి పోయిందన్నాడు. ఇంకో వీధిలో ఒకే ఫ్రిజ్ మూడిళ్ల ఫొటోల్లో ఉంది. తలుపు మీద అదే పిల్లల స్టిక్కరు, పసుపు రంగు బాతు. మూడో ఇంటికి వెళ్లేసరికి నాకే నవ్వాగలేదు.
హార్డువేరు బిల్లుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకాయన తెచ్చిన బిల్లు మీద తేదీ 2025 నవంబరు, సిమెంటుకు జీఎస్టీ 28 శాతం. సెప్టెంబరు 22నే 18కి దిగింది కదా! దుకాణపోళ్లు ఎంత రాయమంటే అంత రాసిస్తారు.

హార్డువేరు సేటు (జడ్చర్ల)
ఓ కళ్లద్దాల సారూ, దుకాణపోళ్లు అని అందర్నీ ఒక్క గాటన కట్టకు. 22 ఏండ్ల సంది కొట్టు నడుపుతున్న. బిల్లు సాఫ్ట్‌వేరుల రేటు మార్చుకోక పాత శాతమే పడి ఉంటది.

కళ్లద్దాల సర్వేయరు (మహబూబ్‌నగర్)
రెండు నెలల దాకా మార్చుకోలేదా? అట్లయితే కొనేవాళ్ల దగ్గర పది శాతం ఎక్కువ వసూలు చేసినట్టే కదా. ఏది ఒప్పుకుంటారు?

హార్డువేరు సేటు (జడ్చర్ల)
నేను జేసిన్నంటున్నవా? నా కొట్టుకు రా, బుక్కులు చూపిస్త. అసలు ఖాళీ బిల్లు కావాలని వచ్చేది ఎవలు? మీ క్లెయిము గిరాకీలే. మొన్న ఒకడు ఐదు కిలోల మొలలు కొని యాభై కిలోలకు బిల్లు ఇయ్యమన్నడు. ఇయ్యను పో అన్న. ఎదురు కొట్టుకు పోయిండు. పోయింది నా గిరాకి. నిజాయితీకి నాకు దక్కింది ఇదీ. మీకు కంపెనీ ఫీజిస్తది, మాకెవలిస్తరు?

మిల్లు రోడ్డు (మిర్యాలగూడ)
అద్గదీ. సర్వేయరుకు ఫీజిచ్చేది కంపెనీ. ఇగ ఎవలి దిక్కు మాట్లాడ్తడు?

కళ్లద్దాల సర్వేయరు (మహబూబ్‌నగర్)
ఫీజు ఎవరిచ్చినా కొలిచే టేపు ఒక్కటే. మీ 48 వేలల్లో 17 ఎందుకు తెగిందో రిపోర్టు కాపీ అడిగారా? అడగకుండా రెండేళ్ల నుంచి ఎదురింటాయన టైల్స్ చూస్తూ కూర్చుంటే ఎట్లా?

మిల్లు రోడ్డు (మిర్యాలగూడ)
అడగలే. అడగొచ్చని ఎవలు చెప్పిండ్రు?

రిటైర్డ్ పంతులు (దేవరకొండ)
అయ్యా, సిమెంటు పంచాయితీ పక్కన పెట్టండి. ఆ అబ్బాయి అడిగింది టీవీ, రేకులు.

వనపర్తి అక్క
రేకులంటే యాదికొచ్చింది. పోయినేడు మావి తొమ్మిది ఎగిరినయ్. వాకిట్ల అడ్డమున్నయని మా ఆయన పాత ఇనుప సామానోనికి కాంటా మీద అమ్మేసిండు, 1,900కు. తెల్లారి సర్వేయరు వచ్చి "రేకులేవి" అన్నడు. నేను పైకి చూపిస్తే ఆకాశం కనవడ్డది. పోయినయని నమ్మిండు గని ఎన్ని పోయినయో నమ్మలే. ఐదుకే లెక్కగట్టిండు. తుక్కు పైసలు సుత అండ్లకెల్లి తీసేసిండు. తమ్మీ, ఒంగిపోయిన రేకులు, వాటిని బిగించిన జె బోల్టులు అన్నీ ఆడనే ఉంచు. చెల్కల వడ్డయి తెచ్చే ముందు, వడ్డ కాడనే ఫొటో తియ్యి. మా ఇంట్ల ఇప్పటికీ ఆ 1,900 పేరు చెప్తే మా ఆయన బయటికి పోతడు.

ప్లాట్ల పరమేశం (సూర్యాపేట)
అసలు మీరంతా బీమా మొత్తమే తప్పు పెట్టుకుంటున్నరు. నా ఇల్లు జాగతో కలిపి 80 లక్షలు పలుకుతది, అంతకే చేపిచ్చిన. ఏం జరిగినా నాకు ఫికరు లేదు.

కళ్లద్దాల సర్వేయరు (మహబూబ్‌నగర్)
జాగ కాలుతుందా, కొట్టుకపోతుందా? భూమికి బీమా ఉండదు. కార్పెట్ ఏరియాను, అంటే గోడల లోపలి నేల విస్తీర్ణాన్ని, ఇప్పటి నిర్మాణ రేటుతో గుణిస్తే వచ్చేదే కట్టడం విలువ. 80 లక్షలకు ప్రీమియం కట్టినా, రేపు ఇల్లు కూలితే కట్టడానికయ్యే ఖర్చే వస్తుంది.

ప్లాట్ల పరమేశం (సూర్యాపేట)
మరి తక్కువకు చేపిస్తే సగమే ఇస్తరంటరు గదా? 20 లక్షల ఇంటికి 10కే చేపిస్తే, 2 లక్షల నష్టానికి లక్షనే అని మా ఏజెంటు చెప్పిండు.

లా కాలేజీ బ్యాక్‌బెంచ్
పాత ఫైర్ పాలసీల్లో అంతే. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన భారత్ గృహ రక్షలో ఆ కోత లేదు. కాకపోతే బీమా చేయించిన మొత్తం దాటి ఇవ్వరు. మీ ఏజెంటు ఇంకా పాత సిలబస్‌లోనే ఉన్నట్టున్నాడు.

ప్లాట్ల పరమేశం (సూర్యాపేట)
ఏజెంటు మా అల్లుడే. మాట జాగ్రత్త.

పానగల్ రోడ్డు (నల్లగొండ)
అన్నలారా, నా టీవీ...

కళ్లద్దాల సర్వేయరు (మహబూబ్‌నగర్)
ముందు పాలసీ షెడ్యూలు, అంటే దేనికి ఎంత బీమా ఉందో రాసిన కాగితం, తీసి చూడండి, సామాను ఉందా లేదా అని. లోనుతో ఇచ్చేవాళ్లు ఒక్కోసారి కట్టడానికి మాత్రమే రాస్తారు. సామానుతో కలిపి తీసుకుంటే, విడిగా జాబితా ఇవ్వకపోయినా కట్టడం విలువలో 20 శాతం దాకా సామాను దానంతటదే కవరవుతుంది, 10 లక్షలు మించకుండా. బంగారం అందులోకి రాదు, దానికి వేరే కవరు తీసుకోవాలి. బిల్లు లేకపోతే వెనక స్టిక్కరు మీద సీరియల్ నంబరు ఫొటో, కార్డు మీద కొన్నారా, ఈఎంఐ మీదనా, ఆ బ్యాంకు స్టేట్‌మెంటు, టీవీ వెనకాల కనపడే పాత పండగ ఫొటో ఉన్నా సరే, ఏది దొరికితే అది పెట్టండి. ఇన్వర్టరు మాత్రం వానకు తడిసిందా, లోపల షార్ట్ సర్క్యూటై పోయిందా అని అడుగుతారు. దానంతటది షార్ట్ అయి పోతే ఈ పాలసీలో రాదు.

హార్డువేరు సేటు (జడ్చర్ల)
పోస్టులు బాగనే పెడ్తున్నవ్ సారూ. దుకాణపోళ్ల ముచ్చట వాపస్ తీస్కో ముందు.

కళ్లద్దాల సర్వేయరు (మహబూబ్‌నగర్)
"కొందరు" దుకాణపోళ్లు. సరేనా?

హార్డువేరు సేటు (జడ్చర్ల)
ఇప్పుడు సరే. తమ్మీ నల్లగొండ, నీ 14 రేకులకు అసలు ధర కొటేషను కావాల్నంటే నేనిస్త. నీ గేజి, అంటే రేకు మందం, ఎన్ని మిల్లీమీటర్లు? 0.45 అయితే ఒక రేటు, 0.50 అయితే ఇంకో రేటు. సర్వేయరు ఫస్టు అదే అడుగుతడు, మేస్త్రి కాగితంల గేజే ఉండదు.

కారు క్లెయిము (కల్వకుర్తి)
ఇంటి సంగతి ఏమో గని, కారు బంపరుకు షోరూమోడే ముందు అడిగిండు నన్ను, "ఇన్సూరెన్సా, నగదా" అని. ఇన్సూరెన్సంటే 18 వేలు, నగదంటే 7. అదే బంపరు. ఆనే మొదలైతది ఇదంతా.

రిటైర్డ్ పంతులు (దేవరకొండ)
అందుకేగా అందరి ప్రీమియం పెరిగేది. పెంచి రాసేవాళ్లకు భయపడి కోత, ఆ కోతకు భయపడి మళ్లీ పెంచడం. మధ్యలో 48 రాసినవాడు 31 తీసుకుంటాడు.

మిల్లు రోడ్డు (మిర్యాలగూడ)
నా పుండు మీద కారం సల్లకుండ్రి సారు. ఇప్పుడు నేనేం జెయ్యొచ్చు?

లా కాలేజీ బ్యాక్‌బెంచ్
ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాలి. నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారికి, రాయొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, అసలు వకీలును రానివ్వరు. 50 లక్షల దాకా వింటారు. కానీ కంపెనీ జవాబు వచ్చినప్పటి నుంచి, అది రాకపోతే ఆ నెల గడిచినప్పటి నుంచి ఏడాది గడువుంది. మీరు అసలు ఫిర్యాదే పెట్టలేదు, రెండేళ్ల తర్వాత పెడితే కంపెనీ ఏమంటుందో చెప్పలేను...

మిల్లు రోడ్డు (మిర్యాలగూడ)
అయితే టైల్సే చూస్కుంట.

పానగల్ రోడ్డు (నల్లగొండ)
ఇయ్యాల సర్వేయరొచ్చి పోయిండు. బావమరిది కాగితం జేబులనే ఉంది, తియ్యలే. జడ్చర్ల సేటు పంపిన కొటేషను చూపిన, దాని మీద 0.45 అని ఉంది. ఆయన వాకిట్ల పేర్చిన రేకుల అంచులు వేలితో ఒత్తుకుంట లెక్కవెట్టిండు. "ఎన్ని?" అన్నడు. 14 అన్న. 14 అని రాసుకున్నడు. షెడ్యూలుల సామాను ఉంది, ఇన్వర్టరుకు మాత్రం ప్రశ్న గుర్తు వెట్టిండు. ఎంతొస్తదో ఇంక తెల్వదు. పక్కనే నిలవడ్డ మా బావమరిది చాయ్ తాగకుంట పోయిండు. రేపు రేకులు ఎక్కియ్యాల్సింది ఆయనే. బ్యాంకు ఖాత సంగతి మాత్రం ఎవ్వలూ చెప్పలే.