హాబీ సర్క్యూట్ బోర్డులకు లెడ్డు (సీసం) ఉన్న సోల్డర్ వైరా, లెడ్‌ఫ్రీయా?

పచ్చబోర్డు:
రెండు లేయర్ల బోర్డు. వ్రూమ్32 వైఫై మాడ్యూల్, 0805 సైజు చిన్న రెసిస్టర్లు, స్క్రూ టెర్మినళ్లు. ఐరన్ 350 డిగ్రీల్లో పెట్టాను, వైరు ఎస్ఏసీ305, అంటే లెడ్‌ఫ్రీ. గ్రౌండ్ పిన్నుల దగ్గర మాత్రం సోల్డర్ ఉండ కట్టి ఊడొస్తోంది. 63/37 (63 పాళ్లు తగరం, 37 లెడ్డు) వైరుకి మారితే తీరుతుందా ఈ గోల?

కోఠి_సెంటర్:
మారిపో అన్నా, గిందుల సోచాయించేదేముంది? 63/37 సరిగ్గ 183 కాడ కరుగుతది, ఎస్ఏసీ305కి 217 దాటాలె. లెడ్డుకు ఐరన్ 330 చాలు. లెడ్‌ఫ్రీకని 380 పెడితివా, కొత్తోని చేతిల బోర్డు మీది రాగి ప్యాడు లేస్తది, బిట్టు నల్లబడతది. కోఠి గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్ల కొంటే చీటీ ఒక్కటే నమ్మకు. జరంత కరిగించి చల్లారంగ చూడు. 63/37 అయితే ఒక్కసారే గట్టిపడతది. నడుమ కొద్దిసేపు ముద్ద ముద్దగున్నదంటే తగరం పాలు తేడా ఉన్నట్టే.

రాగిరేకు:
తప్పు వైరుది కాదు, లేఅవుట్‌ది. ఆ పిన్నులని గ్రౌండ్ జోన్‌కి, అంటే బోర్డు మీద పరిచిన రాగికి, నేరుగా కలిపేసి ఉంటారు, ఐరన్ ఇచ్చిన వేడంతా రాగి లాగేస్తోంది. బోర్డు గీసే సాఫ్ట్‌వేర్ కైక్యాడ్‌లో జోన్ ప్రాపర్టీస్ తెరిచి సాలిడ్ బదులు థర్మల్ రిలీఫ్ (ప్యాడ్ చుట్టూ గ్యాప్ వదిలి, సన్న రాగి స్పోక్‌లతో కలపడం) పెట్టండి. గ్యాప్ 0.3, స్పోక్ 0.4 ఎంఎం. టెర్మినల్లో కరెంట్ ఎక్కువైతే స్పోక్ వెడల్పు పెంచండి. ఆ తర్వాత 'బీ' నొక్కి జోన్లు మళ్లీ నింపాలి, లేకపోతే ఫ్యాక్టరీకి పంపే గెర్బర్ ఫైల్లోకి పాతదే పోవచ్చు. ఉన్న బోర్డులకైతే సన్నమొన బిట్టు తీసేసి 2.4 ఎంఎం ఉలి బిట్టు వేయండి. సోల్డర్ బాగా పట్టడానికి ఫ్లక్స్ రాసి, పిన్నునీ ప్యాడ్‌నీ కలిపి వేడి చేశాకే వైరు అందించండి.

కోఠి_సెంటర్:
బోర్డులు చేతికొచ్చినంక లేఅవుట్ పాఠమేంది? లెడ్‌ఫ్రీ జాయింట్ మెరవదు. డ్రై సోల్డరా (సరిగ్గ పట్టని జాయింట్) కాదా, కొత్తోడు ఎట్ల పట్టాలె?

రాగిరేకు:
మెరుపు చూసి కాదు, అంచు చూసి. సోల్డర్ ప్యాడ్ అంచుదాకా పల్చగా పాకి లోపలికి వంగితే మంచిది. గుండ్రంగా నిలబడితే పట్టలేదని.

మల్కాజ్‌గిరి_మల్టీమీటర్:
మెరుపు పంచాయితీ ఎందుకు, మీటర్‌లో కంటిన్యుటీ పెడితే సరి, కలిసి ఉంటే బీప్ వస్తుంది.

రాగిరేకు:
బీప్ డ్రై సోల్డర్‌కీ వస్తుంది. పిన్ను కదుపుతూ పెట్టండి.

ఫ్లక్స్‌ప్రియ:
మాడ్యూల్ అడుగు ప్యాడ్‌తో కుస్తీ పడొద్దు. వ్రూమ్32లో అది అతికించక్కర్లేదని డేటాషీట్‌లోనే ఉంది.

కోఠి_సెంటర్:
అసలు లెడ్డంటే గంత భయమెందుకు? 350 కాడ లెడ్డు ఆవిరి కాదు. పొగ రోజిన్ ఫ్లక్స్‌ది, లెడ్‌ఫ్రీలనూ వస్తది.

రాగిరేకు:
పొగ గురించి నేనెప్పుడన్నాను? లెడ్డు చేతుల నుంచి నోట్లోకి పోతుంది. సోల్డర్ బల్ల మీదే చాయ్ గ్లాసు పెట్టుకునే బాపతు మీరు, మీకు చెప్పడం దండగ.

కోఠి_సెంటర్:
నా చాయ్ సంగతి నీకెందుకు భయ్! పుస్తకం సదివి మాట్లాడుడు కాదు, ఐరన్ పట్టినోళ్లను అడుగు.

పచ్చబోర్డు:
కొట్టుకోకండి. ఈ బోర్డులు మా కాలనీ పిల్లల సెలవుల క్లాసుకి. సోల్డర్ చేసేది ఎనిమిదో తరగతి వాళ్లు.

కోఠి_సెంటర్:
గీ ముక్క ముందుగాల చెప్పాలె గదా! అయినా నా మాట గదే. జాయింట్లు పడక పోరగాండ్లు ఐరన్ పడేస్తే ఏం నేర్పినట్టు? చేతులు సబ్బుతో కడుగుడు, బల్ల కాడ తిండి బందు, గది నేర్పాలె.

రాగిరేకు:
పిల్లల ఒంట్లో ఇంత లెడ్డు ఉంటే ఫర్వాలేదన్న మోతాదే లేదని డబ్ల్యూహెచ్‌ఓ అంటోంది. చేతులు కడిగించడానికి మీరొస్తారా? తల్లిదండ్రులకి చెప్పారా ఎవరైనా?

కోఠి_సెంటర్:
చెప్పే చేయాలె. దాచుమని నేనన్ననా?

పచ్చబోర్డు:
ఇంకా చెప్పలేదు. గ్రౌండ్ పిన్నులు నేనే ముందే అతికించి, మిగతావి పిల్లలకి లెడ్‌ఫ్రీతో ఇస్తే?

కోఠి_సెంటర్:
ఇయ్యి. కానీ నీ పిన్నులు లెడ్డుతో పెడితే బిట్టు, స్పాంజి వేరే ఉంచు. పిల్లల ఐరన్‌కి అంటనియ్యకు.

రాగిరేకు:
లెడ్డుతో ఎందుకు పెట్టాలి? ఉలి బిట్టు, ఫ్లక్స్ అని పైన రాసింది చదివారా?