బేకింగ్ కోర్సు ఫీజు షాపు ఖర్చులో రాసుకోవచ్చా?

కేకులమ్మాయి, ఎంవీపీ కాలనీ:
నమస్తే అందరికీ. మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలకి 1,30,000, పోయినేడు (2025) జూన్ ఆఖర్లో మానేశాను. జూలై నుంచి సెప్టెంబర్ దాకా బెంగళూరులో బేకింగ్ నేర్చుకున్నా, ఫీజు, హాస్టల్, రైలు ఛార్జీలు అన్నీ కలిపి 2,10,000 అయింది. అక్టోబర్లో ఇక్కడే చిన్న షాపు అద్దెకి తీసుకుని, ఓవెన్ బిగించి, కార్తీకమాసంలో మంచిరోజు చూసి తెరిచాం. ఆ కోర్సు లేకపోతే షాపే లేదు కదా, మరి ఆ డబ్బు వ్యాపార ఖర్చుగా రాసి నష్టం చూపిస్తే మూడు నెలల జీతంలో ముందే కోసిన పన్ను (టీడీఎస్) వెనక్కి వస్తుందా? మా బావగారు గ్యారంటీగా వస్తుందంటున్నారు. ఆయన సలహాలన్నీ ఇలా ధైర్యంగానే ఉంటాయి, అందుకే టెన్షన్.

గాజువాక వెల్డర్:
నేనూ ఇలాగే నా కోర్సు రసీదులు ఫైల్లో పెట్టుకుని వెళ్తే మా ఆడిటర్ గారు చూడకుండానే పక్కన పెట్టేశారు అక్కా. ఎందుకో మాత్రం చెప్పలేదు.

లెక్కల మాస్టారు, ద్వారకానగర్:
ఎందుకో నేను చెప్తాను. 2025-26కి వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టం 37వ సెక్షన్లో ఖర్చు తీసుకోవాలంటే అది పూర్తిగా వ్యాపారం కోసమే అయ్యుండాలి, సొంత ఖర్చూ కాకూడదు, పెట్టుబడీ కాకూడదు. అసలు ముందు వ్యాపారమంటూ ఒకటి ఉండాలి కదమ్మా. మీరు బెంగళూరులో పిండి కలుపుతున్నప్పుడు ఇక్కడ షాపూ లేదు, ఓవెనూ లేదు. పని నేర్చుకున్నది మీరు, రేపు షాపు తీసేసినా ఆ విద్య మీ చేతిలోనే ఉంటుంది. వ్యాపారానికి ముందు ఖర్చులకి 35డీ సెక్షన్ అని ఒకటి ఉంది, ఐదేళ్లలో సమానంగా తీసుకోవచ్చు, కానీ అందులో ప్రాజెక్ట్ రిపోర్ట్, మార్కెట్ సర్వే లాంటివే ఉన్నాయి, ట్రైనింగ్ లేదు.

చాలామంది పప్పులో కాలేసేది తేదీ దగ్గర. మొదటి బేరం అయిన రోజు నుంచి వ్యాపారం మొదలైనట్టు లెక్క అనుకుంటారు. కాదు, బేరం చెయ్యడానికి అన్నీ సిద్ధమైన రోజు నుంచి. బొంబాయి హైకోర్టు 1954లోనే ఈ తేడా తేల్చింది. ఓవెన్ బిగించి, ఫుడ్ రిజిస్ట్రేషన్ చేతికొచ్చి, ముహూర్తం కోసం పది రోజులు ఆగారనుకోండి, ఆ పది రోజుల అద్దె, కరెంటు ఖర్చులోకి వస్తాయి. కోర్సు రాదు.

పైగా వ్యాపార నష్టాన్ని జీతంలోంచి తియ్యనివ్వరు. గడువులోపు రిటర్న్ వేస్తే ఎనిమిదేళ్ల దాకా తర్వాతి సంవత్సరాలకి తీసుకెళ్లి వ్యాపార లాభంలోనే తగ్గించుకోవాలి.

కేకులమ్మాయి:
అయితే టీడీఎస్ పోయినట్టేనా మాస్టారూ? మార్చి దాకా అమ్మకాలు 7 లక్షలు, అంతా ఫోన్‌పేనే.

లెక్కల మాస్టారు:
పోవడమేంటి! 44ఏడీ సెక్షన్లో వెళ్లండి, చిన్న వ్యాపారాలకి అమ్మకాల్లో ఇంత శాతం లాభమని లెక్కగట్టే పద్ధతి అది. బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకాల మీద 6 శాతం లాభం, అంటే 42,000 (నగదైతే 8 శాతం). నిజంగా మిగిలింది ఎక్కువైతే ఎక్కువే చూపించండి. జీతం 3,90,000లో జీతగాళ్లకి ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 3,15,000. రెండూ కలిపి 3,57,000. కొత్త పన్ను విధానంలో 2025-26కి 4 లక్షల దాకా పన్నే లేదు. ఐటీఆర్-4 ఫారంలో రిటర్న్ వేస్తే కోసిందంతా తిరిగొస్తుంది. కాకపోతే ఈ దారిలో అద్దె, కరెంటు ఏవీ విడిగా తియ్యడానికి లేదు, అన్నీ తీసేసినట్టే లెక్క.

గాజువాక వెల్డర్:
మరి కుర్రాడిని పెట్టుకుని వాడికి ట్రైనింగ్ ఇప్పిస్తే మాస్టారూ?

లెక్కల మాస్టారు:
నడుస్తున్న షాపులో పనివాడికి కట్టిన ఫీజు ఖర్చే, మీరు పుస్తకాలు రాసి లాభం చూపించేవాళ్లైతే. అకౌంట్ నుంచి కట్టండి, ఒకరికి ఒకే రోజు 10,000 దాటి నగదు ఇస్తే ఒప్పుకోరు.

కేకులమ్మాయి:
థాంక్యూ మాస్టారూ. ఇందాకే బావగారికి ఫోన్ చేసి చెప్పాను. "చూశావా, వస్తుందని నేను ముందే చెప్పాను కదా" అంటున్నారు.