రాబర్ట్ బర్డ్ 1989లో మెజారిటీ లీడర్ పదవి ఎందుకు వదిలేశారు?

ప్రశ్న: వెస్ట్ వర్జీనియా రాష్ట్ర డెమొక్రాట్ సెనేటర్ రాబర్ట్ బర్డ్ 1959 జనవరి నుంచి 2010 జూన్‌లో చనిపోయేదాకా అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) ఎగువసభ అయిన సెనేట్‌లోనే ఉన్నారు. అలాంటి మనిషి 1989లో మెజారిటీ లీడర్ (సభలో ఎక్కువమంది ఉన్న పార్టీ నాయకుడు) పదవి తనంతట తానే వదిలేసి ఒక కమిటీ చైర్మన్‌గా వెళ్ళారు. అది మెట్టు దిగడం కాదా? ప్రెసిడెంట్ ప్రో టెంపోర్ (ఉపాధ్యక్షుడు లేనప్పుడు సెనేట్‌కు అధ్యక్షత వహించే సభ్యుడు) హోదా కూడా ఆయనకు వస్తూ పోతూ ఉందేమిటి?

జవాబు 1: ఆ కమిటీ పేరు అప్రోప్రియేషన్స్ అండీ. శాఖలు ఏటా ఖర్చుపెట్టే డబ్బు బిల్లులు తయారయ్యేది అక్కడే. లీడర్‌ది ఏ బిల్లు ఎప్పుడు సభకు రావాలో చూడటం, సొంత పార్టీవాళ్ళను బుజ్జగించడం. పేరు పెద్దది, చాకిరీ ఇంకా పెద్దది. చైర్మన్ అయితే బిల్లులోనో, దానికి జతచేసే కమిటీ రిపోర్టులోనో ఫలానా ఊరికి ఫలానా పని అని ఒక్క వాక్యం రాయించగలడు. ఎఫ్‌బీఐ వేలిముద్రల కేంద్రం వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌కు చేరింది ఆయన పలుకుబడితోనే. దుబారా అని తిట్టినవాళ్ళకు లోటు లేదు, ఆయన మాత్రం దాచుకోలేదు.

జవాబు 2: రెండో ప్రశ్నకు. ప్రో టెంపోర్‌గా మెజారిటీ పార్టీలో అందరికంటే సీనియర్‌ను ఎన్నుకోవడం ఆనవాయితీ. అంటే సీనియారిటీ ఒక్కటే చాలదు, పార్టీకి మెజారిటీ కూడా ఉండాలి. 1994 ఎన్నికల్లో డెమొక్రాట్లు ఓడటంతో బర్డ్‌కు ఆ హోదా పోయింది. 2001లో సభలో రెండు పార్టీలూ 50-50, అలా సమానమైతే ఉపాధ్యక్షుడి ఓటే తేలుస్తుంది. జనవరి 20 దాకా డెమొక్రాట్ ఉపాధ్యక్షుడు అల్ గోర్ ఓటు బలంతో బర్డ్‌కు దక్కింది, రిపబ్లికన్ ఉపాధ్యక్షుడు డిక్ చెనీ రాగానే పోయింది, జూన్‌లో సెనేటర్ జిమ్ జెఫర్డ్స్ రిపబ్లికన్ పార్టీ వీడగానే మళ్ళీ వచ్చింది. 2003లో ఇంకోసారి పోయి, 2007లో తిరిగొచ్చి చివరిదాకా నిలిచింది.

జవాబు 3: పదవుల కంటే ఇప్పటికీ పనిచేస్తున్నది 1985 నాటి బర్డ్ రూల్. రీకన్సిలియేషన్ బిల్లు (బడ్జెట్ మార్పుల కోసం ఉన్న ప్రత్యేక దారిలో వచ్చే బిల్లు)పై చర్చకు 20 గంటలే గడువు, అందుకే ఫిలిబస్టర్ (చర్చ సాగదీసి బిల్లును ఆపడం) కుదరదు, మామూలు మెజారిటీ సరిపోతుంది. ఆ దారిన బడ్జెట్‌తో సంబంధం లేనివన్నీ దూర్చడం మొదలయ్యేసరికి ఈ రూల్ తెచ్చారు. ఖర్చునూ ఆదాయాన్నీ మార్చని అంశం, లేదా అసలు ఉద్దేశం వేరై ఆ మార్పు కేవలం పక్క ఫలితంగా వచ్చే అంశం మీద ఏ సెనేటరైనా అభ్యంతరం లేవనెత్తవచ్చు. దాన్ని దాటాలంటే 60 ఓట్లు కావాలి. చాలామంది పొరబడేది ఇక్కడే: బిల్లు మొత్తం పడిపోదు, ఆ అంశం మాత్రమే ఊడిపోతుంది. 2021లో గంటకు 15 డాలర్ల కనీస వేతనం ఈ రూల్‌కు నిలవదని పార్లమెంటేరియన్ (సభా నియమాలపై సలహా ఇచ్చే అధికారి) చెప్పారు.

జవాబు 4: రూల్స్ పట్టు సరే, అదే పట్టుతో 1964లో పౌరహక్కుల బిల్లును అడ్డుకోవడానికి 14 గంటలకు పైగా మాట్లాడిందీ ఆయనే. 1940లలో కూ క్లక్స్ క్లాన్ అనే శ్వేతజాతి దురహంకార సంస్థలో చేరిన సంగతీ ఉంది, తర్వాత బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఇవి వదిలేసి ఆయన గురించి రాయకూడదు. ఇంకోటి, ఎక్కువకాలం పనిచేసిన రికార్డు సెనేట్‌లో ఆయనదే గానీ కాంగ్రెస్ మొత్తం మీద కాదు. 2013 జూన్‌లో మిషిగన్‌కు చెందిన దిగువసభ (ప్రతినిధుల సభ) సభ్యుడు జాన్ డింగెల్ ఆయన్ని దాటేశారు.