పొలంలో ఇల్లు కిటికీ మట్టానికి వచ్చింది, కాంట్రాక్టరు స్లాబు మానేసి రేకులు వేస్తానంటున్నాడు

కాశీనగర్ రైతుబిడ్డ అడిగిన ప్రశ్న:

పెద్దలందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లాలో కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డున ఉన్న ఒక పల్లె. నేను బరంపురంలో ఉద్యోగం చేస్తున్నందువల్ల ఆదివారాలు మాత్రమే ఊరికి వెళ్ళగలుగుతున్నాను. పొలం పనులతో పాటు ఇప్పుడు ఇంటి పని కూడా మా నాన్నగారే చూసుకుంటున్నారు. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున వచ్చిన తిత్లీ తుపాను మా పొలంలోని పాత మకాం రేకులను ఊడబెరికి మూడు చేల అవతల పడేసింది. ధాన్యం, విత్తనాలు, మోటారు సామాన్లు భద్రంగా ఉండేలా, అమ్మానాన్నలు అక్కడే నివసించేలా స్లాబు ఇల్లు కట్టాలని అప్పుడే నిర్ణయించుకున్నాము. భూమి విషయంలో చిక్కేమీ లేదు. ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షను కింద తహసీల్దారు కార్యాలయంలో మార్పిడి చేయించి, ఇల్లు కట్టే మేరకు పట్టాలో కిసం (భూమి రకం) ఘరొబారిగా, అంటే ఇంటి స్థలంగా, రాయించుకున్నాము.

గోడల బయటి కొలత 30 అడుగులకు 30 అడుగులు. సామానుతో సహా చదరపు అడుగుకు 1,650 రూపాయలకు ఒక కాంట్రాక్టరుతో ఒప్పందం కుదిరింది. మా లెక్కలో అది 900 చదరపు అడుగులు, అంటే 14,85,000 రూపాయలు. మూడు విడతలుగా ఇప్పటికి 6,50,000 రూపాయలు ఇచ్చాము. పునాదులు, వాటి మీద గోడల అడుగున వచ్చే ప్లింత్ బీము పూర్తయి గోడలు కిటికీ మట్టానికి వచ్చాయి. ఇప్పుడు ఆయన స్లాబు నాలుగు వైపులా రెండేసి అడుగులు బయటకు వస్తుంది కనుక 34 అడుగులకు 34 అడుగులుగా కొలిచి 1,156 చదరపు అడుగులకు 19,07,400 రూపాయలు ఇవ్వాలంటున్నారు. ఇనుము ధర పెరిగినందువల్ల వెంటనే మూడు లక్షలు ఇస్తేనే స్లాబు వేస్తామని, లేకపోతే అదే రేటుకు రేకులు వేసి ముగిస్తామని చెబుతున్నారు.

మా నాన్నగారు ఒడియా చక్కగా మాట్లాడతారు గాని చదవలేరు. ఒప్పందం ఒడియాలో ఉంటే, చదివి వినిపించినప్పుడు సరేనని సంతకం చేశారు. నేను తరువాత చూస్తే అందులో 'ఛాతొ' (పైకప్పు) కొలత అనే మాట ఉంది. నేను ఈ మూడు లక్షలు ఇవ్వవచ్చునా? మిగిలిన పని సామానుతో సహా ఆయనకే వదిలేయాలా, లేక సామాను మేమే కొనాలా? శ్రావణం నుంచి టార్పాలిన్ కింద ఉన్న ఆయన సిమెంటు బస్తాలను స్లాబుకు వాడనివ్వవచ్చునా? దయచేసి తెలుపగలరు.

పర్లాకిమిడి పాత ఇంజనీరు సమాధానం:

బాబూ, ముందుగా మీకు నచ్చని మాట చెబుతాను. కాగితంలో ఛాతొ కొలత అని ఉన్నప్పుడు, పైకప్పును బట్టి లెక్కించాలని ఆయన వాదించడానికి ఆధారం ఉన్నట్టే. మన ప్రాంతంలో చాలామంది గోడల మధ్య భాగానికి పూర్తి రేటు, బయటికి వచ్చిన చూరుకు సగం రేటు కట్టుకుంటారు. చూరు కింద గోడగాని, పునాదిగాని, గచ్చుగాని ఉండదు కనుక అది న్యాయమే. అయితే ఆ మాట మీ కాగితంలో లేదు. కాని ఛాతొ కొలత రాయించుకున్న మనిషే ఛాతొ వేయనంటే, ఒప్పందాన్ని మార్చమంటున్నది ఆయనే గాని మీరు కాదు. రేకుల ఇంటికి స్లాబు ఇంటి రేటు అడగడం ఏ కొలతలోనూ నిలవదు. ఈ ఒక్క విషయాన్ని నలుగురిలో కోపం లేకుండా చెప్పండి. చూరు సగం రేటుకు దిగిరావడానికి ఇదే మీకు దారి.

రేకుల సంగతి మీకు తిత్లీయే చెప్పింది గాని కారణం కూడా తెలుసుకోవడం మంచిది. గాలి రేకును పైనుంచి కిందికి నొక్కుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి అది కప్పు మీదుగా జారుతున్నప్పుడు రేకును పైకి పీలుస్తుంది, ఆ పీలుడు చూరు అంచుల్లోనూ మూలల్లోనూ అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది. ఊరి నడుమ ఉన్న ఇంటికి పక్క ఇళ్ళు కొంత అడ్డుపడతాయి, పొలం మధ్యనున్న మీ ఇంటికి ఆ అడ్డు ఉండదు. రేకులే వేయాలంటే దూలాలను గోడల మీద చుట్టూ పోసే బెల్టు కాంక్రీటులోకి దించిన బోల్టులతో బిగించాలి, మేకులతో కొట్టిన పని పనికిరాదు. నా అభిప్రాయం మాత్రం స్లాబే.

ఇక డబ్బు. మీరు 14,85,000లో దాదాపు 44 శాతం ఇచ్చారు. పని చూస్తే, ప్లింత్ దాకా పావు వంతు, దాని మీద కిటికీ మట్టం దాకా గోడలకు మరి కాస్త కలిపి నేనైతే 30 శాతానికి మించి కట్టను, అంటే 4,45,500 రూపాయలు. ఈ లెక్కన ఆయన చేతిలో మీ డబ్బు రెండు లక్షలకు పైగా ముందుగానే ఉంది. కాబట్టి స్లాబు ఇనుము పొలంలో దిగేవరకు మరొక రూపాయి ఇవ్వవద్దు. పనికన్నా డబ్బు ముందు నడిస్తే కాంట్రాక్టరు మరో చోట పనికి పోతాడు. డబ్బుకన్నా పని ఒక అడుగు ముందుంటే మీ పొలంలోనే ఉంటాడు.

స్లాబుకు ఏమి పడుతుందో మీరే లెక్క వేసుకోండి. 900 చదరపు అడుగులు, ఐదు అంగుళాల మందం అంటే 375 ఘనపుటడుగుల కాంక్రీటు. సిమెంటు, ఇసుక, పిక్క (కంకర) 1:1½:3 పాళ్ళలో సుమారు 85 బస్తాల సిమెంటు, దాదాపు 157 ఘనపుటడుగుల ఇసుక, 315 ఘనపుటడుగుల పిక్క కావాలి. చూరుకూ బీములకూ ఇది కాక అదనం. ఆ టార్పాలిన్ కింది బస్తాలు స్లాబులోకి వెళ్ళకూడదు. బస్తా మీద తయారైన వారం, సంవత్సరం ముద్రించి ఉంటాయి, చూడండి. మూడు నెలలు దాటినవి, వేళ్ళతో నలిపినా పొడి కాని గడ్డలు కట్టినవి గచ్చు కింద దిమ్మెకు, గట్లకు వాడుకోవచ్చు గాని మీ అమ్మానాన్నల తల మీద ఉండే కప్పుకు వాడకూడదు.

చివరికి పొసగకపోతే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం గృహనిర్మాణాన్ని కూడా సేవగానే చూస్తుంది. చెల్లించిన సొమ్ము 50 లక్షలు దాటని తగాదాలను జిల్లా వినియోగదారుల కమిషన్ వింటుంది. అంతదూరం వెళ్ళకుండానే తేలాలని కోరుకుంటాను, ఎందుకంటే సగం కట్టిన గోడలు వర్షాలకు తడుస్తూ ఎవరి తీర్పు కోసమూ ఎదురుచూడవు.

గుణుపురం తాపీపనివాడు సమాధానం:

ఇంజనీరుగారు చెప్పిన డబ్బు లెక్కతో నేను ఏకీభవిస్తాను. నా అనుభవాన్ని బట్టి మిగిలిన పనికి కనీసం ఇనుము, సిమెంటు మీరు కొనుక్కోవడమే మంచిది. తమ్ముడు ఆదివారాలే వచ్చినా, ప్రతి పూటా పనిదగ్గర నిలబడడానికి నాన్నగారు ఉన్నారు. ఇసుక, పిక్క, కూలి కాంట్రాక్టరుకే వదలండి. వంశధార ఇసుక ట్రాక్టరుకు వై ఫారం (ఇసుక రవాణా అనుమతి పత్రం) ఉండాలి. అది లేని బండిని దారిలో పట్టుకుంటే ఆ రోజు పని ఆగేది మీకే.

ఇనుమును లెక్కతో కాక కాటాతో కొనండి. 12 మీటర్ల 8 ఎం.ఎం. కడ్డీ సుమారు 4.74 కిలోలు, 10 ఎం.ఎం. 7.4 కిలోలు, 12 ఎం.ఎం. 10.66 కిలోలు తూగాలి. కొద్ది తేడాకు కంగారుపడనక్కరలేదు. పది కడ్డీల కట్టకు మూడు కిలోలు తగ్గితే మాత్రం బండిని దింపుకోకండి. ఊళ్ళో రైసు మిల్లు కాటా ఉంటే అడిగి తూయించుకోండి, పది రూపాయలకు వెనకాడకండి.

స్లాబు రోజున మా వాళ్ళు చేసే తప్పును మా వాళ్ళే చెప్పాలి. కాంక్రీటు సులువుగా జారాలని నీళ్ళు ఎక్కువ పోస్తారు. బస్తాకు పాతిక లీటర్ల చొప్పున బకెట్లు కొలిచి పోయించండి, తడి ఇసుకైతే ఇంకా తగ్గించండి. కడ్డీలను అడుగు చెక్కకు తగలకుండా ఎత్తి ఉంచే 20 ఎం.ఎం. కవరు బ్లాకులు (చిన్న దిమ్మెలు) కింద పెట్టకపోతే పదేళ్ళకు కప్పు పెచ్చులూడి తుప్పు బయటపడుతుంది. మరునాడు స్లాబు మీద వరి మడికి కట్టినట్టు గట్లు కట్టి నీళ్ళు నిలపండి, పద్నాలుగు రోజులు ఎండనివ్వకండి. మన దగ్గర దొరికే స్లాగు సిమెంటు మెల్లగా గట్టిపడుతుంది కనుక, ఏడో రోజు సెంట్రింగు విప్పి మరో పనికి పట్టుకుపోతామంటే ఒప్పుకోవద్దు. బీముల కింద ఊతలను కనీసం పద్నాలుగు రోజులు ఉంచాలి.

సిరొంచ కోడలు సమాధానం:

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ. ఇక్కడ ఇసుకను బ్రాసులలో అమ్ముతారు, ఒక బ్రాసు అంటే 100 ఘనపుటడుగులు. మా పొలం ఇంటికి ట్రాక్టరు బండికి ఒక బ్రాసు చొప్పున డబ్బు తీసుకున్నారు. ఏడో బండి వచ్చినప్పుడు నాకు అనుమానం కలిగి టేపుతో తొట్టె లోపలి కొలత తీశాను. పొడవు పది అడుగులు, వెడల్పు ఐదున్నర, ఎత్తు ఒకటిన్నర, అంటే 82½ ఘనపుటడుగులే. తడి ఇసుక పొంగి ఉంటుంది కనుక అందులోనూ అసలు ఇసుక ఇంకా తక్కువే. ఆ తరువాత ప్రతి బండినీ మా మామగారు దింపకముందే కొలిచి, తేదీ, కొలత, డ్రైవరు సంతకం ఒక నోటుపుస్తకంలో రాయించారు. డబ్బు తగాదా వచ్చినప్పుడు ఆ పుస్తకమే మాట్లాడింది. అందుచేత సోదరులకు నా సూచన ఏమిటంటే, ఒడియాలో ఉన్న కాగితం పక్కనే తెలుగులో ఒక నకలు రాసి, రెండింటి మీదా ఇద్దరి సంతకాలు పెట్టించండి.

కాశీనగర్ రైతుబిడ్డ తిరిగి రాసినది:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆదివారం మా పెద్దనాన్నగారిని, ఊరి పెద్దలు ఇద్దరిని కూర్చోబెట్టుకొని మాట్లాడాము. ఛాతొ వేయకుండా ఛాతొ కొలత ఎలా అడుగుతారని మా నాన్నగారే ఒడియాలో అడిగేసరికి కాంట్రాక్టరు కాసేపు మాట్లాడలేదు. చివరకు 900 చదరపు అడుగులకు పూర్తి రేటు, చూరు 256 చదరపు అడుగులకు సగం రేటు చొప్పున మొత్తం 16,96,200 రూపాయలకు కుదిరింది, రేకుల మాట వదిలేశారు. ఇనుము, సిమెంటు మేము కొని వాటి ఖర్చును అందులోంచి తగ్గిస్తాము. మూడు లక్షలు ఇవ్వలేదు. తెలుగు నకలు మీద ఆయన ఒడియాలో సంతకం చేశారు. పాత సిమెంటు బస్తాలలో ముప్పై ఒకటి గడ్డలు కట్టాయి, వాటిని పశువుల సాల ముందు దిమ్మెకు వాడమని చెప్పాను. కార్తీకంలో స్లాబు వేయాలని అనుకుంటున్నాము. ఇంజనీరుగారు వీలు చూసుకొని కడ్డీలు కట్టిన రోజున ఒకసారి వచ్చి చూస్తే, మా అమ్మ చేతి భోజనం చేసి వెళ్ళవచ్చు.