ఆర్72 ఫిల్టర్: కొత్త కెమెరాకి అర నిమిషం, పాత డీ70కి రెండు సెకన్లు. ఎందుకిలా?

ప్రశ్న:
ఇన్‌ఫ్రారెడ్ బ్లాక్ అండ్ వైట్ పిచ్చి పట్టి హోయా ఆర్72 (కంటికి కనపడే వెలుతురుని దాదాపు ఆపేసి ఇన్‌ఫ్రారెడ్‌ని వదిలే ఫిల్టర్) కొన్నాను. కొత్త మిర్రర్‌లెస్‌కి పెడితే మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా అర నిమిషం ఎక్స్‌పోజర్ అడుగుతోంది, ఈలోపు గాలికి కొమ్మలు ఊగి వేపచెట్టు కాస్తా పొగలా అలుక్కుపోతోంది. మూలన పడున్న నికాన్ డీ70కి అదే ఫిల్టర్ పెడితే రెండు సెకన్లలో ఆకులు తెల్లగా వచ్చేశాయి. కొత్తదాన్ని విప్పించి ఇన్‌ఫ్రారెడ్‌కి పనికొచ్చేలా మార్పించాలా? అసలు కలర్ ఫోటోలో ఆకుపచ్చని సాఫ్ట్‌వేర్‌లో తెల్లబరిస్తే పోలా?

జవాబు 1:
సెన్సర్‌ది తప్పు కాదండీ. అందులోని సిలికాన్ దాదాపు 1100 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దాకా చూడగలదు, మన కన్ను 700 దగ్గరే ఆగిపోతుంది. ఆ అదనపు వెలుతురు, అంటే ఇన్‌ఫ్రారెడ్, రంగుల్ని పాడుచేస్తుందని సెన్సర్ ముందు ఒక అడ్డుగాజు పెడతారు. డీ70లో అది బలహీనం, కొత్తవాటిలో గట్టిది. మీ ఫిల్టరేమో 720 పైవాటినే వదులుతుంది, ఆ గాజు సరిగ్గా వాటినే ఆపుతుంది, ఇక మిగిలేదెంత? నమ్మకం లేకపోతే చీకట్లో టీవీ రిమోట్ బటన్ నొక్కి పట్టుకుని రెండింటితోనూ ఫోటో తీయండి, డీ70లో బల్బు బాగా వెలుగుతుంది.

జవాబు 2:
సాఫ్ట్‌వేర్ సంగతి: స్లయిడర్ జరిపితే ఆకుతోపాటు ఆకుపచ్చ చీర, ఆకుపచ్చ గేటు అన్నీ తెల్లబడతాయి. ఇన్‌ఫ్రారెడ్‌ని పత్రహరితం పీల్చుకోదు, ఆకు లోపలి కణాలు దాన్ని వెనక్కి చిమ్ముతాయి, అందుకే ఆకు తెల్లన. గేటు పెయింటు ఎలా వస్తుందో తీసి చూస్తేగానీ తెలీదు, మజా అంతా అక్కడే ఉంది. 2006లో వచ్చిన లైకా ఎం8 కెమెరాలో అడ్డుగాజు పలచనై నల్లటి సింథటిక్ బట్టలు వంగపండు రంగులో పడేవి, కంపెనీ కొన్నవాళ్లకి ఫిల్టర్లు ఉచితంగా ఇచ్చింది. బ్లాక్ అండ్ వైట్ తీసేవాళ్లకి మాత్రం ఆ లోపమే ముద్దు.

ప్రశ్న అడిగినవారు:
అయితే ఆ అడ్డుగాజు తీయించి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ పెట్టిస్తే 720 నానోమీటర్లదా, 830దా?

జవాబు 3:
బ్లాక్ అండ్ వైట్ ఒక్కటే అయితే 830 బ్రో. అక్కడ ఎరుపు, ఆకుపచ్చ, నీలం పిక్సెళ్లు మూడూ ఇంచుమించు ఒకేలా స్పందిస్తాయి, కాంట్రాస్ట్ కూడా ఎక్కువ. ఒకసారి మార్పిస్తే ఆ కెమెరాతో మామూలు కలర్ ఫోటోలు మర్చిపోవడమే, అందుకే నేనైతే కొత్తదాన్ని ముట్టుకోను, డీ70నే పంపిస్తాను. ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని మాత్రం మొదలెట్టకు, బ్యాటరీ తీసినా ఫ్లాష్ కెపాసిటర్ గట్టిగా షాక్ కొడుతుంది. అప్పటిదాకా ట్రైపాడ్ మీద పెట్టి, ముందు ఫోకస్ చేసుకుని, ఆటోఫోకస్ ఆపేసి, ఆ తర్వాత ఫిల్టర్ బిగించు. ఎఫ్11 లాంటి చిన్న అపర్చర్ దగ్గర ఫోటో మధ్యలో తెల్లటి మచ్చ కనిపిస్తే ఫిల్టర్‌ని తిట్టకు, అది లెన్స్ పని, వేరే లెన్స్ పెట్టి చూడు.