ఆన్‌లైన్ కంపెనీ సంత నడిపేదా, సంతలో అమ్మేదా?

నారాయణపేట చీరల దుకాణం

మొన్న ఇక్కడే ఒక అన్న, "ఆన్‌లైన్ వచ్చాక కొనేవాళ్లకు నాలుగు రూపాయలు మిగులుతున్నాయి, దుకాణదారులు మొత్తుకోవడం మానాలి" అని రాశారు. మిగిలితే మంచిదే అన్నా. నా గొడవ రేటు గురించి కాదు.

2018 డిసెంబర్‌లో కేంద్రం ప్రెస్ నోట్ 2 అని విదేశీ పెట్టుబడుల మీద ఒక ప్రకటన ఇచ్చింది, అది 2019 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ కంపెనీ సొంత సరుకు అమ్మకూడదు. సంత మాత్రమే నడపాలి. తనకు వాటా ఉన్న సంస్థ అందులో అమ్మకూడదు. ఏ అమ్మకందారైనా తన సరుకులో 25 శాతం కన్నా ఎక్కువ ఆ కంపెనీ గ్రూపు దగ్గరే కొంటే, ఆ సరుకు కంపెనీ చేతిలో ఉన్నట్టే లెక్క, అంటే అదీ కుదరదు.

మరి సంతలో ఎవరి మూట దారి మొదట్లో పెట్టాలో, ఎవరిది గోడ వెనక పెట్టాలో తేల్చేది ఎవరు? ఆ కంపెనీయే. పైన కనిపించాలంటే ప్రకటనకు డబ్బు కట్టాలి. కంపెనీ గోదాములో సరుకు పెడితే తొందరగా చేరుతుందన్న గుర్తు వస్తుంది, దానికి కిరాయి వేరు. కమీషన్, ఫిక్స్‌డ్ ఫీజు, షిప్పింగ్, ఈ ఫీజుల మీద 18 శాతం జీఎస్టీ. అన్నీ పోయాక మిగిలిన డబ్బు కూడా వాపస్ గడువు దాటాకే చేతికొస్తుంది. నేనూ ఒక సైట్లో పెట్టి చూశాను. పట్టు అంచు చీర పంపితే ఒకసారి పాత సింథటిక్ చీర వాపస్ వచ్చింది. ఫొటోలు పెట్టి ఫిర్యాదు చేస్తే, "పరిశీలించాం, క్లెయిమ్ కుదరదు" అని ఒక్క లైను మెసేజ్. మాట్లాడుదామంటే మనిషి దొరకడు.

అచ్చంపేట టీచర్

అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ మా వైపు నుంచి కూడా చూడండి. ఇదివరకు గ్రూప్స్ పుస్తకాలు కావాలంటే మా పిల్లలు బస్సెక్కి హైదరాబాద్ కోఠీ దాకా పోయేవాళ్లు. ఫ్లిప్‌కార్ట్ 2007లో మొదలైంది పుస్తకాలతోనే. ఇప్పుడు ఆ పుస్తకం మా గడపలోకి వస్తోంది. మన దుకాణాల్లో ఎన్ని చోట్ల అడగకుండా బిల్లు ఇస్తున్నారు? "అమ్మిన సరుకు వాపస్ తీసుకోబడదు" అని గల్లా పెట్టె పైనే రాసి పెడతారు. సైజు సరిపోకపోతే మళ్లీ పోయి బతిమాలాలి. ఆన్‌లైన్‌లో బటన్ నొక్కితే అయిపోతుంది. మీరు పోటీ పడాల్సింది ఇక్కడ.

మిర్యాలగూడ డెలివరీ

దయచేసి ఎవరూ బంద్ చేయమని మాత్రం అనకండి. మా ఇల్లు దీని మీదే నడుస్తోంది. పార్శిల్‌కు ఇంత అని ఇస్తారు, పెట్రోల్ మాదే. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి, పోయాక "వద్దు" అంటే ఆ తిరుగుడు దండగే. అది అమ్మినవాళ్లకూ నష్టమే, మాకూ నష్టమే.

పాలమూరు కామర్స్ లెక్చరర్

2015లో అమెజాన్ పెద్ద గోదాము తెరిచింది కొత్తూరులో. అప్పటికి అది మన మహబూబ్‌నగర్ జిల్లాయే, తర్వాత రంగారెడ్డిలో కలిసింది. హైవే, విమానాశ్రయం రెండూ దగ్గర కాబట్టి వచ్చింది. మన జిల్లా మనుషులకు అక్కడ పని దొరికింది, కాదనను.

కానీ డిస్కౌంట్ ఎవరి జేబులోంచి వస్తోందో అడగాలి. 2018లో వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లు పెట్టి ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటా తీసుకుంది. అంత పెట్టుబడి వెనకున్న కంపెనీ ఏళ్ల తరబడి నష్టం భరించగలదు. గడియారం సెంటర్లో మడిగె కిరాయి కట్టే మనిషి ఒక్క దసరా సీజన్ నష్టం కూడా భరించలేడు. ఢిల్లీ వ్యాపార్ మహాసంఘ్ అనే వ్యాపారుల సంఘం ఫిర్యాదు మీద 2020 జనవరిలో, వ్యాపారంలో పోటీ న్యాయంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ రెండింటి మీద విచారణకు ఆదేశించింది. కొందరు అమ్మకందారులను ముందుకు తోస్తున్నారు, భారీ డిస్కౌంట్లు ఇస్తున్నారు అన్నది ఆరోపణ. కంపెనీలు కోర్టుకెక్కాయి. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు విచారణ ఆపడానికి ఒప్పుకోలేదు.

నారాయణపేట చీరల దుకాణం

టీచరమ్మా, బిల్లు విషయం ఒప్పుకుంటాను, అది దుకాణదారుల తప్పే. కానీ ఆపదకు ఉద్దెర ఇచ్చేది, పండక్కి చీర తీసుకుపోయి పంట డబ్బు వచ్చాక కట్టమనేది మేమే. ఏ యాప్ మీ ఊరి రైతును అలా నమ్ముతుంది?

నన్ను నిజంగా కాల్చేది ఇంకొకటి. నారాయణపేట, గద్వాల, పోచంపల్లి చీరలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెల్లుతుంది. ఆన్‌లైన్‌లో ఆ పేర్లు కొట్టి చూడండి. "నారాయణపేట మోడల్", "పోచంపల్లి ప్రింట్" అంటూ మరమగ్గం మీద నేసినవి, మిషన్ మీద అచ్చేసినవి వరస కడతాయి. చేతి మగ్గం చీర కింద ఎక్కడో ఉంటుంది. ఇంట్లో అందరూ కూర్చుని రోజుల తరబడి నేసిన చీరను, ఆ పేరునే తగిలించుకున్న ప్రింటు చీర రేటుతో పోలుస్తున్నారు. పేరు మా ఊరిది, గిరాకీ ఇంకొకరిది.

2020 ఈ-కామర్స్ రూల్స్‌లోనే ఉంది: సరుకు, అమ్మకందారు ఏ లెక్కన పైన కనిపిస్తారో కంపెనీ అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఒకే రకం సరుకులో కొందరిని వేరుగా చూస్తే అదీ చెప్పాలి. నేనడిగేది ఈ రూలు సరిగ్గా అమలు చేయమనే. గుర్తింపు ఉన్న పేరు వాడాలంటే రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనాలి.

గద్వాల నుంచి ఒక తమ్ముడు

అక్కా, మగ్గం నేసేవాళ్లే నేరుగా పెట్టుకోవచ్చా? జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు మాకు.

పాలమూరు కామర్స్ లెక్చరర్

తమ్ముడూ, 2023 అక్టోబర్ 1 నుంచి జీఎస్టీ లేని చిన్నవాళ్లు కూడా ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకుంటే చాలు. అయితే అమ్మకం రాష్ట్రం లోపలే ఉండాలి. పుణె, బెంగళూరు గిరాకీ కావాలంటే రిజిస్ట్రేషన్ తప్పదు. మీ దగ్గర కొనేవాళ్లలో అటు వాళ్లే ఎక్కువైతే ముందు ఆ లెక్క చూసుకో.

అచ్చంపేట టీచర్

చేనేత పేరు దొంగతనం విషయంలో అక్కతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తాను, వినతిపత్రం రాస్తే సంతకం పెడతాను. వాపస్ హక్కు మాత్రం వదులుకోను. వేరే చీర పెట్టి పంపే మోసం ఆపాలంటే ప్యాకింగ్ అప్పుడు, వాపస్ తీసుకునేటప్పుడు వీడియో తీయడం కంపెనీ బాధ్యత కావాలి. నల్లగొండ, పాలమూరు దుకాణాల సంఘాలు కూడా బిల్లు ఉంటే వారం లోపల మార్చి ఇస్తామని బోర్డు పెట్టాలి. ముందు ఎవరు పెడతారో చెప్పండి, మా స్కూలు టీచర్లందరి దసరా కొనుగోళ్లు అక్కడే చేయిస్తాను.